మంచం పట్టె మీద వేలు

మా వాడకు వచ్చే నర్సమ్మ పేరు నేనెన్నడూ అడగలేదు గానీ, ఆమె చూపుడువేలు మాత్రం నాకు బాగా గుర్తు. కాన్పుకు వస్తే కట్టె గొట్టం కడుపుకు ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి, లోపలి బిడ్డ గుండె ఎట్లా కొట్టుకుంటే అట్లా మంచం పట్టె మీద వేలితో కొట్టి చూపేది.

నా భార్య తొలికాన్పు నాడు మా అవ్వ ఆమెను వెల్లకిలా పండబెట్టి కదలొద్దంది. నేను గడప అవతలి నుంచి, "రాణిలెక్క పండుకున్నవు, ఇగ నీకేం ఫికర్?" అని నవ్వించబోయాను. అంతలో నర్సమ్మ వచ్చి గొట్టం పెట్టింది. నేను బట్ట నేసే సాంచాలాగా టకటకమని మొదలైన వేలు, ఉన్నట్టుండి మందగించింది. లెక్కలు నేర్వకముందే బడి మానినవాణ్ణి, అయినా ఆ వేలి లెక్క అర్థమైంది.

"ఎడమకు తిరుగు బిడ్డా!" అంటూ నర్సమ్మే ఆమెను పక్కకు ఒత్తిగిలించి, మా అవ్వను కసిరింది. "ఎల్లెలుకల పంటె కడుపు బరువంత ఎన్కున్న పెద్ద నరం మీద పడ్తది. లోపలున్నోనికి నెత్తురెట్ల అందుతదవ్వా?"

కాసేపటికి వేలు మళ్లీ టకటకలాడింది. "ఇగో, లోపలోడు గూడ సాంచనే నడుపుతుండు" అంది నా వైపు చూసి.

ఆ లోపలోడు ఆడపిల్లయి పుట్టింది.

ఇప్పటికీ నా సాంచా చప్పుడు మందగిస్తే, ముందు నేనే ఎడమకు ఒరుగుతాను. కరెంటు తగ్గిందన్న సంగతి ఆ తర్వాత గుర్తొస్తుంది.