దుర్వంకాయకు ఎత్తిన చేతులు

ఆడికృత్తిక పండగ నాడు తిరుత్తణి మురుగన్ కొండ నుంచి వచ్చే రైలులో కాలు పెట్టడానికి చోటు లేదు. నేను కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను. నా ఎదురుగా ఒకామె దర్జాగా కూర్చుంది. ఆమె పక్క సీట్లో ఆమె బుట్ట ఇంకా దర్జాగా కూర్చుంది.

మా వీధి ఎస్తేరు ఆ రోజు నా పక్కనే నిలబడి ఉంది.

"అక్కా, బుట్టను ఒళ్ళో పెట్టుకో. ఈ అత్త నిలబడలేకుండా ఉండాది" అంది.

"దాంట్లో సామి ప్రసాదం ఉండాది. మెళ్ళో సిలువ ఏసుకున్నదానివి, మా సామి సంగతి నీకేం తెలుసు?"

నేనైతే ఆ మాటకు బుట్టను కిటికీలోంచి విసిరేసి ఉండేదాన్ని. ఎస్తేరు తల ఊపింది.

"నాకు తెలీదక్కా. అందుకే అందర్నీ అడగతా ఉండా." పెట్టె అంతా వినబడేలా గొంతు పెంచింది. "అమ్మా, బుట్ట కూర్చోవాల్నా, అత్త కూర్చోవాల్నా? బుట్ట అనేవాళ్ళు చెయ్యెత్తండి!"

ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి బుట్టకు అవతల కూర్చున్న ఆమె కూతురే దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. నేను కూర్చున్నాను. తిరువళ్ళూరు వచ్చేదాకా ఆమె నా ముఖం చూడలేదు. ఆ ముఖం నాకూ అక్కర్లేదు.

ఎస్తేరు తిరువళ్ళూరు పక్కన మణవాళనగర్‌లో మా వీధిలోనే పుట్టింది. చదువంతా అరవంలోనే. తెలుగు అక్షరాలు మాత్రం వాళ్ళమ్మ చెంచమ్మ బైబిలు మీద వేలు పెట్టి నేర్పింది. పెద్దయ్యాక పట్టాభిరామ్‌లో ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేది. పోయిన ఏడు చెంచమ్మకు ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. మంచినీళ్ళు తాగించడానికైనా పక్కన మనిషి ఉండాలి. ఎస్తేరు ఫ్యాక్టరీ మానేసి, ఇంట్లోనే చేసే పని వెతుక్కుంది. దొరికిన పని మాటలు ఏరడం.

బియ్యంలో రాళ్ళు ఏరుతారు, చింతపండులో గింజలు ఏరుతారు. మాటలు ఏరితే జీతమిచ్చేవాళ్ళు ఉంటారని నాకు తెలియదు.

"ఫోన్లో ఆట అత్తా. గళ్ళల్లో అక్షరాలుంటాయి, కలిపి మాట చెయ్యాల. మాటైతే ఆట ఒప్పుకుంటుంది. కాకుంటే ఎర్రగా మారి కొట్టేస్తుంది."

"ఏది మాటో ఫోనుకెట్లా తెలుసే?"

"తెలీదు గదా, అందుకే నన్ను పెట్టుకున్నారు. వాళ్ళ మిషనేమో ఉన్న మాటలన్నిటికీ ముందర అ, సు, దుర్, నిర్ అని తోకలు తగిలించింది. ఏది ఉంచాల్నో, ఏది తీసెయ్యాల్నో నేను చెప్పాల."

"ముందర తగిలించేది తోకెట్లా అవుతుందే?"

ఆమె దాన్ని పక్కన పెట్టి, ఇంకో చిక్కు నా నెత్తిన పెట్టి పోయింది. సువాసన ఉంది, దుర్వాసన ఉంది. మరి నిర్వాసన ఉందా? వాసన లేనిదాన్ని అట్లా అనకూడదని ఎవరన్నారు? ఆ రోజు చారులో ఉప్పు ఎన్నిసార్లు వేశానో నాకే తెలియలేదు. పని ఇచ్చిన పార్థిబన్ సారును అడగమన్నాను. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదట. తెలుగు రాని మనిషి, తెలుగు అరవంలా మాట్లాడే పిల్లను, తెలుగు ఆటకు తీర్పరిగా కూర్చోబెట్టాడు. ఇందులో ఎవరికి బుద్ధి ఉందో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఎస్తేరు తనకు తెలిసిన దారే పట్టింది. నీళ్ళ లారీ కోసం బిందెలు వరుసపెట్టి కూర్చున్న మా మధ్య నిలబడి ఒక్కో మాట చదివేది. తెలిసినవాళ్ళు చెయ్యెత్తాలి. మేము ఎత్తాము. ప్రతి మాటకూ ఎత్తాము.

తర్వాత ఒక పొద్దున ఎస్తేరు ముఖం వేలాడేసుకుని వచ్చింది. పార్థిబన్ సారు ఫోన్ చేశాడట. "ఒక్క మాట కూడా తీసెయ్యలేదే, అన్నిటికీ సరే అనడానికి మనిషెందుకు? సోమవారం లోపల సరిచెయ్, లేదంటే పని ఇంకొకరికి" అన్నాడట. పని పోతే మళ్ళీ షిఫ్టు. షిఫ్టుకు పోతే చెంచమ్మ నోట్లో నీళ్ళు పోసేదెవరు?

లారీ దగ్గర ఎస్తేరు మా అందరినీ ఒకసారి చూసింది.

"దుర్వంకాయ" అంది.

చేతులు లేచాయి. ఎదురింటి దేవకి చెయ్యి అందరికంటే ముందు లేచింది. "ఎందుకు తెలీదు? పురుగు పట్టిన వంకాయ. మా అవ్వ దినమూ అంటుండె."

"అది నేను ఇప్పుడే కల్పించినానక్కా" అంది ఎస్తేరు.

దేవకి చెయ్యి దించలేదు. "నువ్వు కల్పించకముందే మా అవ్వ అనింది."

ఎస్తేరు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయి బోర్లించిన బిందె మీద కూలబడింది. నా వైపు చూసింది. "అత్తా, నువ్వుగూడానా?"

నేనూ ఎత్తాను. ఎందుకు ఎత్తకూడదు? తిరుపతికి పోయి పూలబేరం చేస్తే, మీది అరవ తెలుగని పూలమ్మే పిల్ల కూడా నవ్వుతుంది. ఇక్కడ అరవంవాళ్ళు, మీరు ఆంధ్రావాళ్ళే గదా అంటారు. అటూ ఇటూ మాటలు పడేవాళ్ళం, మా తెలుగు మాటే మాకు తెలియదని నడివీధిలో చెయ్యి దించుకుని కూర్చుంటామా? మా వీధిలో తెలియదు అని నోరు తెరిచి చెప్పగలిగేది ఎస్తేరు ఒక్కతే. మా చేతులు నమ్మి ఆమె మునిగింది.

అంతలో లారీ వచ్చింది. నా బిందె సగం నిండిందో లేదో, డ్రైవరు నాగలింగం గొట్టం పీకేసి బండి కదిలించాడు.

"ఒరే దుర్మార్గుడా! నిర్భాగ్యుడా! అప్రయోజకుడా! ముసల్దాని బిందె నింపడానికి నీకు చెయ్యి రాదా? అన్యాయస్థుడా!"

నాగలింగం అద్దంలోంచి నవ్వుతూ పోయాడు. తిరిగి చూస్తే ఎస్తేరు లేచి నిలబడి ఉంది. ఆమె బొటనవేలు ఫోను మీద గబగబా నడుస్తోంది.

"అత్తా, అప్రయోజకుడా తర్వాత ఏమన్నావు?"

"నాకేం తెలుసే? కోపంలో ఏదో వచ్చింది."

"అదే అత్తా! దుర్, నిర్, అ, అన్నీ నీ తిట్లలోనే ఉండాయి. అడిగితే అన్నీ తెలుసంటారు. కోపంలో మాత్రం లేని మాట ఎవురి నోటికీ రాదు."

ఏం కనిపెట్టిందో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం ఎస్తేరు చెంచమ్మకు గంజి తాగిస్తుంటే నేను పోయి గడపలో కూర్చున్నాను. తల్లి మూతి తుడిచి, స్పూను పక్కన పెట్టి, నా దగ్గరకు వచ్చింది.

"అత్తా, సోమవారం దాకా దినమూ పొద్దున్నే మా ఇంటికి రా. అమ్మ మంచం పక్కన నీకు కుర్చీ ఏస్తా, కాఫీ ఇస్తా. నువ్వు చెయ్యి ఎత్తొద్దు. ఔననొద్దు, కాదనొద్దు."

"మరి ఏం చెయ్యాలే?"

"నన్ను తిట్టు."

"నువ్వేం చేసినావే తిట్టడానికి?"

"ఏదో ఒకటి చేస్తాలే అత్తా. నీ నోట వచ్చిన మాటలు ఉంచుతా, రానివి తీసేస్తా. నువ్వు మాత్రం నిలపకుండా తిట్టు."