మరిది మిగిల్చిన గోలీలు

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అందరూ అంటారు. అననీ. కిరాణా కొట్టువాడు పప్పు తూకంలో చెయ్యి చూపిస్తున్నాడని మూడుసార్లు పట్టుకున్నది నేనే.

ఎల్లారెడ్డిలో మా అత్తగారింట్లో ఉండగా, రెండో కాన్పుకు ఐదో నెలలో నాకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. రెండు రగ్గులు కప్పుకున్నా పళ్లు టకటక కొట్టుకునేవి. దవాఖానలో వేలు పొడిచి రక్తం చూసి మలేరియా అన్నారు. అంతకు రెండు నెలల ముందు మా మరిదికి వచ్చిందీ అదే. అతనికి పద్నాలుగు రోజుల గోలీలు రాసిన డాక్టరమ్మ, నాకు మాత్రం మూడు రోజులకు వేరే గోలీలిచ్చి, ఆపైన కాన్పయ్యేదాకా వారానికోసారి అవే వేసుకోమంది.

నాకు ఒళ్లు మండింది. "గదే జరం, గదే దవాఖాన. ఆయనకు పద్నాలుగు, నాకు మూడా మేడం?" అని అడిగేశాను.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఆ పద్నాలుగు రోజుల గోలీ కాలేయంల దాక్కున్న మలేరియాను చంపుతది. కానీ కొందరి రక్తంల పుట్టుకతోనే ఒక లోపం ఉంటది. అసుంటోళ్లు అది మింగితే రక్తకణాలు పగిలిపోయి ఒళ్లు పచ్చగయితది. తల్లి నుంచి పిల్లలకు వస్తది, మగపిల్లలకే గోస ఎక్కువ. నీ రక్తమంటే పరీక్ష చేస్తం, కడుపుల బిడ్డది ఎట్ల చేస్తం?" అంది. నాకు తోడు వచ్చిన మా అమ్మవైపు తిరిగి, "మీ పుట్టింట్ల ఎవలకన్న గోలీలు మింగినంక ఒళ్లు పచ్చగయి, మూత్రం నల్లగ వచ్చిందా అమ్మా?" అని అడిగింది.

"మా ఇంట్ల అసుంటిదేం లేదు మేడం," అంది మా అమ్మ. మా అత్తమ్మ పక్కనే కూర్చుని వింటోంది.

సరే, మా ఇంట్లో లేదు కదా. మరి నాకెందుకివ్వరు? కోడలికి ఈ మాత్రం చాలని మా అత్తమ్మే చాటుగా చెప్పిందేమో అనుకున్నాను. నాలుగు నెలలు ఆమె కాఫీ ఇచ్చినా ముఖంలోకి చూసి తాగాను.

కొడుకు పుట్టాడు. వాడికి స్నానాలు పోయడానికి మా అమ్మ గాంధారిలోని మా పుట్టింటి నుంచి వచ్చి ఉంది. ఇప్పుడు ఆ గోలీలు ఇవ్వొచ్చు గానీ పాలిస్తున్నాను కనుక ముందు నాకూ పిల్లవాడికీ కామారెడ్డిలో పరీక్ష చేయించుకు రమ్మంది డాక్టరమ్మ. ఆ ల్యాబుతో ఈమెకేదో లాలూచీ ఉందని నాకు అనుమానం. నెల నిండని పసివాడి మడమ పొడిపించడానికి అంత దూరం బస్సులో పోవాలా? పోనీ ఊరుకుందామంటే, లోపల దాక్కున్నది మళ్లీ లేస్తే వాడికి పాలెవరిస్తారని భయం.

మా మరిది జ్వరం తగ్గగానే సగంలో మానేసిన గోలీల పట్టీ అద్దం వెనక అలాగే ఉంది. ఒక పొద్దున అది తీసి, ఒక గోలీ అరచేతిలో వేసుకుని, గ్లాసులో నీళ్లు ముంచుకున్నాను.

చాప మీద పిల్లవాడికి నూనె రాస్తున్న మా అమ్మ చూసింది. "ఏందే అవి?"

"మరిదియి. గా పద్నాలుగు రోజుల గోలీలు."

నూనె చేతులతోనే లేచొచ్చి నా చేతి మీద ఒక్కటి వేసింది. గోలీ, గ్లాసు రెండూ కింద పడ్డాయి. "మింగకే! పాలల్ల పోతది, పోరడు సస్తడే!"

"మన ఇంట్ల లేదంటివి గదా?"

"మీ చిన్నమామ గిట్లనే పోయిండు," అంది.

నేను పుట్టకముందే పోయిన మా చిన్నమామను పాము కరిచిందని విని పెరిగాను. తమ్ముణ్ణి తిన్న పురుగుకు పాలు పోయనంటూ మా అమ్మ నాగుల పంచమికి పుట్ట దగ్గరికి కూడా పోయేది కాదు. పాము లేదు, ఏమీ లేదని ఇప్పుడు చెప్పింది. జ్వరం గోలీలు మొదలుపెట్టిన నాలుగు రోజులకు ఒళ్లు పచ్చబడి, నల్లగా మూత్రం పోసి చచ్చిపోయాడు. ఇది రక్తంలో వచ్చేది, ఆడపిల్లలకు చెప్పి ఉంచండని అప్పటి డాక్టరు అంటే, ఇంటివాళ్లు ఊరికి పాము కథ చెప్పారు.

"రక్తంల రోగముందంటే నిన్నెవలు చేసుకుందురే? గా దినం మీ అత్త ముంగట ఎట్ల చెప్పాలె?" అని ఏడ్చింది.

"నా లగ్గమై ఆరేండ్లాయె! ఇంకెవలికి లగ్గం చేస్తవే అమ్మా?" అని అరిచాను.

వంటింటి గడపలో నిలబడి మా అత్తమ్మ అంతా విన్నది. లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చి, కామారెడ్డి బస్సు ఎన్నింటికుందని మా ఆయనను అడిగింది.

పరీక్షలో నాకు ఆ లోపం కొంత ఉందని తేలింది. వాడికి పూర్తిగా ఉంది. పాలిచ్చినన్నాళ్లూ ఆ గోలీ ముట్టొద్దని డాక్టరమ్మ చీటీ మీద ఎర్ర సిరాతో రాసింది. ఆమెను ఎన్నెన్ని అనుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది గానీ, ఆ మాట ఆమెకు చెప్పలేదు.

దవాఖాన మెట్ల మీద మా అత్తమ్మ ఆగి, "ఇంకేమన్న దాచినవా వదినె?" అని మా అమ్మను మెల్లగా అడిగింది.

"ఏం లేదు. వీని మీద ఒట్టు," అంటూ మా అమ్మ నా ఒళ్లోని పిల్లవాడి తల మీదికి చెయ్యి చాపింది.

నేను వాణ్ణి ఇవతలికి లాక్కున్నాను.