సుబేదార్‌కి గుర్దా వైద్యం

ఆ ఆదివారం మా పిల్లి సుబేదార్ బాత్రూం బకెట్‌లో తల పెట్టి నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. నేను పేపరు చదివి, గడ్డం గీసుకుని, స్నానానికి వచ్చినా తాగుతూనే ఉన్నాడు. ఇంకో గంట వదిలేస్తే మా చిలకలగూడ బస్తీ మొత్తానికి ట్యాంకర్ పిలవాల్సి వచ్చేది. పన్నెండేళ్ల వాడు, ఒళ్లంతా కరిగిపోయి మీసాలు మాత్రం మిగిలాయి.

ఆటోలో పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. బ్లడ్ టెస్ట్‌కి ఇద్దరు పట్టుకుంటే ముగ్గురికి రక్తం వచ్చింది. రిపోర్టు చూసి ఆవిడ, "సీకేడీ, అంటే కిడ్నీ జబ్బు, స్టేజ్ త్రీ. క్యూర్ లేదండీ, మేనేజ్ చేయొచ్చు. రీనల్ డైట్ తప్ప ఇంకేం పెట్టొద్దు" అన్నారు.

రీనల్ డైట్ అంటే అట్టపెట్టె రుచి గల గుళికలు. వాడికి ఆదర్శంగా ఉండాలని ఒకటి నేనే నమిలి చూశాను. వాడు జాలిగా చూసి వెళ్లిపోయాడు.

నెల తిరిగేసరికి, కిడ్నీ ఎంత పాడైందో చెప్పే క్రియాటినిన్ ఇంకా పెరిగింది. సుబేదార్ వాంతులు చేసుకుని మెడ ఎత్తడం మానేశాడు. ఈసారి అమ్మ వాడిని కొంగులో చుట్టుకుని తానూ వచ్చింది. డాక్టరమ్మ ఐవీ ఫ్లూయిడ్స్ పెట్టి, "మూడు రోజులు చూద్దాం. రెస్పాండ్ కాకపోతే కష్టం" అన్నారు. ఇంట్లో వేరే ఏమైనా పెడుతున్నారా అని ఆవిడ అడిగితే, లేదని నేను ఒట్టు వేయబోతుండగా అమ్మ అందుకుంది.

"పెడుతున్న బిడ్డా. దినాం రెండు గుర్దలు, జెర నెయ్యిల వేయించి. మోకాళ్లు గుంజితే మేక కాళ్ల పాయా తాగుతలేమా? ఏది ఖరాబైతే గదే తినాలె గద."

మేక కిడ్నీలు. రోజుకి రెండు చొప్పున నెల రోజులు. ముప్పై మేకలు మా సుబేదార్ కోసం అవయవదానం చేశాయన్నమాట.

"అమ్మా, అందులో ఉన్న ప్రోటీన్, ఫాస్ఫరస్ పాడైన కిడ్నీ మోయలేదు" అన్నారు డాక్టరమ్మ మెల్లగా.

అమ్మ పిల్లి వీపు నిమిరింది. "నాకెవ్వలు జెప్పిన్రు?" అంది.

నిజమే. డైట్ చార్ట్ ఇంగ్లీషులో ప్రింట్ తీసి ఫ్రిజ్‌కి అతికించాను. అమ్మకి ఇంగ్లీషు రాదు. పిల్లికీ రాదు.

మూడో రోజు సుబేదార్ తల ఎత్తి కాంపౌండర్ వేలు కొరికాడు. డాక్టరమ్మ కేస్‌షీట్‌లో 'ఇంప్రూవింగ్' అని రాశారు.

ఇది జరిగి ఏడాదైంది. జబ్బు పోలేదు, వాడూ పోలేదు. వారానికి రెండుసార్లు ఇంట్లోనే చర్మం కింద ఫ్లూయిడ్స్ ఎక్కిస్తాను. పట్టుకునేది అమ్మే. పక్కింటి వాళ్లు పాల గిన్నె తెస్తే గేటు దగ్గరే ఫాస్ఫరస్ మీద ఉపన్యాసం ఇచ్చి పంపేస్తోంది.

మీ పిల్లికో కుక్కకో కిడ్నీ జబ్బని తేలితే, దానికి ముద్ద పెట్టే ప్రతివారినీ డాక్టర్ ముందు కూర్చోబెట్టి, వాళ్లకొచ్చిన భాషలో చెప్పించండి. లిస్టు మీ పేరుతోనే మొదలుపెట్టండి. ఆ నెలంతా నా ఆమ్లెట్‌లో సగం ఎవరి కడుపులోకి వెళ్లిందో డాక్టరమ్మకి, అమ్మకి ఇంకా తెలియదు.