టీవీలోకి రాని ఇల్లు

నా లాప్‌టాప్ మూత తెరిస్తే కీబోర్డు కింది నుంచి ఎరుపు, పచ్చ, నీలం దీపాలు వరసగా పరుగులు తీస్తాయి. పెళ్ళివారింటి ముందు కట్టిన సీరియల్ బల్బుల్లా ఉంటుంది వ్యవహారం. అది చూసినవాళ్ళెవరూ నేను ఇళ్ళకు ప్లాన్లు గీసే మనిషినంటే నమ్మరు. రోజంతా తుపాకీ ఆటలు ఆడుకునే పిల్లననుకుంటారు. నిజానికి నేను అందులో ఆడిన ఆట ఒక్కటీ లేదు. కట్టబోయే ఇంటిని ముందే కంప్యూటర్‌లో కట్టి, గుమ్మంలోంచి లోపలికి నడిచి వెళ్తున్నట్టు చూపించాలంటే బలమైన యంత్రం కావాలి. ఆటల కోసం చేసిన లాప్‌టాప్‌లకే ఆ బలం ఉంటుందని చెప్పి మా అన్నయ్య దాన్ని ఎంపిక చేశాడు. ఆ ఎంపిక నా ఇళ్ళ కోసమో వాడి ఆటల కోసమో నాకిప్పటికీ అనుమానమే. సెలవురోజు ఇంటికొస్తే చెప్పులు విడవకముందే "లాప్‌టాప్ ఏదే?" అంటాడు.

మాది నల్లపాడు. గుంటూరులో నేనూ నా స్నేహితురాలూ కలిసి చిన్న ఆఫీసు నడుపుతాం. ఆ ఏడాది మిరపకాయలు ఇళ్ళకు చేరే రోజుల్లో తుళ్లూరు దగ్గరి ఊళ్ళో ఒక రైతు కుటుంబం మాకు పని ఇచ్చింది. రాజధానికి భూమి ఇచ్చినందుకు వాళ్ళకు వచ్చిన ప్లాటులో ఇల్లు కట్టుకోవాలి. మాట్లాడిందంతా వాళ్ళబ్బాయే. ఇల్లు ఎలా ఉండాలో అతనికి స్పష్టంగా తెలుసు. గుంటూరు అపార్ట్‌మెంట్లలో చూసినట్టు హాలూ వంటిల్లూ కలిసిపోయి ఉండాలి, మధ్యలో గోడ ఉండకూడదు. అలాగే గీశాను. ఒక శనివారం పొద్దున నన్ను వాళ్ళింటికి వచ్చి, వాళ్ళ నాన్నగారికీ అమ్మగారికీ టీవీలో ఆ ఇంటిని చూపించమన్నాడు. తీరా ఆ రోజు అతనికి మిర్చి లోడుతో గుంటూరు యార్డుకి వెళ్ళాల్సిన పని పడింది. "మీరు వెళ్ళండి మేడం, అమ్మావాళ్ళుంటారు. చూసి సరేనంటే అయిపోయినట్టే" అన్నాడు ఫోన్‌లో.

నేను వెళ్ళేసరికి పెద్దాయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీవీకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. సినిమాకి ముందుగా వచ్చి కూర్చున్న మనిషిలా ఉన్నాడు. నేను లాప్‌టాప్ తెరవగానే దీపాలు చూసి ముందుకు వంగాడు.

"ఇదేంటమ్మాయ్, పిల్లలు ఆడుకునేదా?"

"ఆటలకి కూడా పనికొస్తుంది బాబాయ్ గారూ. మనం ఇంటికి వాడుకుంటాం."

"అయితే కానియ్యి. ఇల్లు చూపించు."

టీవీకి కేబుల్ కలిపాను. టీవీ నల్లగా ఉండి, సిగ్నల్ లేదని ఒక మూల చిన్న అక్షరాలతో చెప్పింది. కేబుల్ తీసి మళ్ళీ పెట్టాను. అంతలో లాప్‌టాప్ తెర కూడా రెప్ప కొట్టినట్టు ఆరిపోయి, వెలిగి, మళ్ళీ ఆరిపోయి వెలిగింది. రెండు వారాల పని అందులో ఉంది. పెద్దాయన మాత్రం ఇది కూడా ప్రదర్శనలో భాగమనుకుని తల ఊపుతున్నాడు.

లోపలి భాగాల జాబితా తెరిచి చూస్తే సంగతి కొంత తెలిసింది. ఆ లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించే చిప్పులు రెండున్నాయి. చిన్నది ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉంటుంది. మామూలు పనులకు అది చాలు, బ్యాటరీ కూడా ఆదా అవుతుంది. పెద్దది విడిగా ఉంటుంది, ఇల్లంతా తిప్పి చూపించాలంటే అదే లేవాలి. టీవీకి వెళ్ళే కేబుల్ కూడా దానికే కలిసి ఉంది. ఆ పెద్ద చిప్పు పేరు పక్కన పసుపుపచ్చ త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. అంటే అది పనిచేయడం మానేసింది.

"ఏమైంది?" అన్నాడు పెద్దాయన.

"డ్రైవర్ సమస్యండీ."

"డ్రైవరా? నువ్వు స్కూటీ మీద కదా వచ్చింది?"

నాకు నవ్వాగలేదు. డ్రైవర్ అంటే మనిషి కాదనీ, ఒక్కో చిప్పుని నడిపించే సాఫ్ట్‌వేర్‌ని అలా అంటారనీ, ఇందులో ఇద్దరున్నారనీ, వాళ్ళకిప్పుడు పడటం లేదనీ చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విని, వంటింటి వైపు తిరిగి కేకేశాడు. "ఏమే, ఇంకాసేపు పడుతుందంట! డ్రైవర్లు కొట్టుకుంటున్నారంట!"

"ఎక్కడ? రోడ్డు మీదా?" అంది లోపలి నుంచి ఆవిడ.

అన్నయ్యకి ఫోన్ చేశాను. వాడు చిలకలూరిపేట దగ్గర స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ చూస్తాడు. ఫోన్ ఎత్తగానే వాడి గొంతు కంటే ముందు మిల్లు హోరు వినపడింది.

"ఏంటే? గట్టిగా చెప్పు!"

"పెద్ద చిప్పు లేవట్లేదురా! టీవీలోకి ఇల్లు రావట్లా!"

"ఇల్లు ఎక్కడికి రావట్లా?"

"టీవీలోకి!" అని అరిచాను. వీధిలో పోతున్న ఒకాయన ఆగి మా వైపు చూసి వెళ్ళాడు.

అన్నయ్య హోరులోంచి బయటికి వచ్చినట్టున్నాడు, గొంతు తేటపడింది. "పొద్దున అదేమన్నా తనంతట తాను అప్‌డేట్ అయిందా?"

అయింది. నేను ఇడ్లీ తింటుంటే తెర మీద ఏదో తిరుగుతూ కనపడింది, పట్టించుకోలేదు.

"అదే మరి. చిన్నదానికి కొత్త డ్రైవర్ వచ్చి కూర్చుంది, పెద్దదానిది పాతది. రెంటికీ పొత్తు కుదరట్లా. పైపైన సరిచేస్తే మళ్ళీ అదే గొడవ. రెండూ పూర్తిగా పీకెయ్. లాప్‌టాప్ తయారు చేసినవాళ్ళ సైట్లో నీ మోడల్‌కి ఇచ్చిన డ్రైవర్లుంటాయి, అవి తెచ్చుకో. ముందు చిన్నదానిది వెయ్, రీస్టార్ట్ చెయ్, తరవాత పెద్దదానిది. వరస తప్పకు. అవి ఎక్కేదాకా నెట్ కట్టేసి ఉంచు, లేకపోతే అది మళ్ళీ తనకిష్టమైంది తెచ్చి పెట్టుకుంటుంది. అర్థమైందా?"

"అయింది."

"పీకేటప్పుడు నా గేమ్ సేవ్ ఫైళ్ళు మాత్రం ముట్టుకోకు!" అని పెట్టేశాడు.

డౌన్‌లోడ్ చేయాల్సినవి రెండూ చాలా పెద్ద ఫైళ్ళు. ఆ హాల్లో నా ఫోన్‌కి మాటలైతే అందాయి గానీ నెట్ నిలవడం లేదు. "డాబా మీద బాగా వస్తదమ్మా, మావాడు అక్కడికే పోయి ఫోన్ చూసుకుంటాడు" అంటూ పెద్దాయన దారి తీశాడు. పైన పరదా పట్టా మీద మిరపకాయలు పరిచి ఉన్నాయి. వాటి పక్క నుంచి ఒద్దికగా నడిచి, పిట్టగోడ మీద ఫోన్ పెట్టి డౌన్‌లోడ్ మొదలుపెట్టాను. పెద్దాయన దూరంగా కనపడుతున్న క్రేన్లను చూపించి, వాటికి ఎడమపక్కదే తమ ప్లాటని చెప్పాడు. మొదట్లో ఆ వైపు చూస్తే తన చేను ఎక్కడుండేదో వెతుక్కునేవాణ్ణనీ, ఇప్పుడు ఇంటి గుమ్మం ఎటుండాలా అని చూస్తున్నాననీ అన్నాడు. ఆ మాట తేలిగ్గానే అన్నాడు. తర్వాత ఫోన్ మీద ఎండ పడకుండా తన తువ్వాలు మడిచి కప్పాడు.

ఫోన్ తన పని చేసుకుంటుంటే ఊరికే కూర్చోవడమెందుకని కిందికొచ్చి, చిన్న చిప్పుతోనే లాప్‌టాప్ తెర మీద ఇల్లు తెరిచాను. తెరుచుకుంది గానీ నడవదు. ఒక అడుగు వేయమంటే తెర ఆగిపోయి, ఆలోచించుకుని, ఎప్పటికో ఒక అడుగు వేస్తుంది. నాకు సిగ్గేసింది. కానీ పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో బొమ్మనీ ఆసాంతం చూశాడు.

"ఇది వీధి వాకిలి. బాగుంది. అరుగు ఏదీ? ఆఁ, అదిగో. ఈ స్తంభం ఎందుకు? సరే, ఉండనియ్యి." మధ్యమధ్యలో లేచి డాబా మీదికి వెళ్ళి, పైనుంచి, "సగం దాటిందమ్మాయ్!" అని చెప్పి వచ్చేవాడు.

మేం హాల్లోకి అడుగు పెట్టేసరికి పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మా వెనక నిలబడింది. కాసేపు చూసి, "ఆ మూల పొయ్యేంటి?" అంది.

"అది వంటిల్లు పిన్నిగారూ. హాలూ వంటిల్లూ కలిసే ఉంటాయి."

"గోడ?"

"గోడ ఉండదండీ. ఓపెన్ కిచెన్ అంటారు. మీ అబ్బాయిగారు అడిగారు."

"బాగానే ఉందిగా" అన్నాడు పెద్దాయన. "నువ్వు వండుకుంటానే టీవీ చూడొచ్చు."

ఆవిడ "మాడిపోతాయి" అని మాత్రం గొణుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. మేం తెర మీద మెట్ల దగ్గరికి చేరుతున్నాం. అంతలో నా గొంతులో ఏదో గీరినట్టయింది. పెద్దాయన తుమ్మాడు. నేను తుమ్మాను. ఆవిడ లోపల కారప్పొడికి ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఆ ఘాటు గుమ్మం దాటి హాలంతా కమ్ముకుంది. ఇద్దరం దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ వీధిలోకి పరుగెత్తాం. నేను లాప్‌టాప్‌ని కూడా పసిపిల్లలా చంకనేసుకుని వచ్చాను.

ఆవిడ మూకుడు దించి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "మధ్యలో గోడుంటేనే ఇట్టా ఉంది. గోడ లేకపోతే ఏం చేస్తారు? వచ్చిన చుట్టాలని కూడా వీధిలో కూర్చోబెడతారా?"

పెద్దాయన సమాధానం చెబుదామని నోరు తెరిచి మళ్ళీ తుమ్మాడు. ముగ్గురం ఒకేసారి నవ్వాం. ఆవిడైతే ద్వారబంధం పట్టుకుని మరీ నవ్వింది.

"సరే పిన్నిగారూ, మీకెలా కావాలో చెప్పండి" అన్నాను. ఆవిడ అప్పుడు మొదలుపెట్టింది. అన్నం, కూర వండుకోడానికి లోపలి వంటిల్లు. వేయింపులకీ, పచ్చళ్ళకీ వెనక వసారాలో ఇంకో పొయ్యి. దాని పక్కనే రోలు. అక్కడ పైన కప్పు ఉండాలి గానీ చుట్టూ గాలి ఆడాలి. పనిచేసుకుంటూ వీధిలోకి ఎవరొచ్చారో కనపడాలి. ఇవన్నీ ఆవిడ ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నట్టున్నాయి, ఒక్కదానికీ తడుముకోలేదు. అబ్బాయికి చెప్పలేదా అంటే, "వాడు అడిగితేగా? మగాళ్ళు ఇద్దరూ కూర్చుని కారు ఎక్కడ పెట్టాలా అని మాట్లాడుకున్నారు" అంది.

పైనుంచి ఫోన్ తెచ్చుకుని చూస్తే ఫైళ్ళు రెండూ దిగాయి. వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. నెట్ కట్టేసి, సేఫ్ మోడ్‌లో లేపాను. అంటే బొత్తిగా అవసరమైనవి తప్ప మిగతావేవీ పనిచేయని పద్ధతి. అక్షరాలు ఇంతింత లావున కనపడుతున్న ఆ తెర మీద రెండు డ్రైవర్లనీ పూర్తిగా తీసేశాను. పెద్దాయన నా పక్కనే కూర్చుని, "ఇద్దర్నీ దించేశావా?" అని అడిగి నిర్ధారణ చేసుకున్నాడు. మామూలుగా లేపి, ముందు చిన్నదానిది వేశాను. రీస్టార్ట్. తెర రెప్ప కొట్టకుండా నిలబడింది. తర్వాత పెద్దదానిది. అది ఎక్కుతున్నంతసేపూ ఒక్కసారి తెర నల్లబడి చాలాసేపు అలాగే ఉండిపోయింది. నేను ఊపిరి బిగబట్టాను. పెద్దాయన కూడా బిగబట్టాడు. వెలిగింది. మళ్ళీ రీస్టార్ట్ చేసి జాబితా తెరిస్తే పసుపుపచ్చ త్రికోణం లేదు. ఇల్లు చూపించే సాఫ్ట్‌వేర్‌ని ఇకమీదట పెద్ద చిప్పుతోనే తెరవమని సెట్టింగుల్లో చెప్పి, కేబుల్ కలిపాను.

టీవీ నిండా ఇల్లు వచ్చింది.

ఆవిడ "అబ్బ!" అంది. నాకు హుషారొచ్చి గేటు తీసుకుని, అరుగెక్కి, హాల్లోంచి మెట్ల మీదుగా మేడ మీదికి గబగబా తీసుకెళ్ళాను. తెర ఎక్కడా తడబడలేదు. వెనక్కి తిరిగి చూస్తే పెద్దాయన కళ్ళు మూసుకుని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఆపమ్మా తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయి. ఇందాకటి దానిలాగా చూపించు."

అంత కష్టపడి బాగుచేసినదాన్ని మళ్ళీ నా చేత్తో నేనే అడుగులో అడుగు వేయిస్తూ నడిపించాను. ఆయనకి అలాగే నచ్చింది. ఆవిడ టీవీ దాకా వెళ్ళి, వేలితో హాలు చివర అడ్డంగా గీత గీసి, "ఇక్కడ గోడ" అంది. అక్కడే కూర్చుని గోడ పెట్టాను. క్షణంలో టీవీలో గోడ లేచేసరికి ఆవిడ నా వైపు చూసిన చూపుకి నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. వెనక వసారాకి పైకప్పు వేశాను. రోలు బొమ్మ నా దగ్గర లేక గుండ్రటి పూలకుండీ ఒకటి పెడితే, ఆవిడ దాన్నే రోలుగా ఒప్పుకుంది.

భోజనం పెట్టకుండా పంపలేదు. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, అప్పుడే కొట్టిన కారప్పొడిలో నెయ్యి. మేం తింటుండగా అబ్బాయి యార్డు నుంచి ఫోన్ చేశాడు. వంటింటికి గోడ వస్తోందని విని కాసేపు గునిశాడు. పెద్దాయన ఫోన్ తీసుకుని, "ఒరేయ్, నువ్వు ఇంటికొచ్చాక మీ అమ్మ నీ పక్కన కూర్చుని మిరపకాయలు వేయిస్తది. అప్పుడు చెప్పు" అన్నాడు. ఆ తర్వాత ఆ గోడ గురించి ఎవరూ మాట్లాడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి చేసిన మొదటి పని, డ్రైవర్లు తమంతట తాము మారకుండా ఆపేయడం. అన్నయ్య ఆ ఆదివారం వచ్చి, తన ఆటలన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాక గానీ కాఫీ తాగలేదు.

ఎండలు ముదరకముందే శంకుస్థాపన జరిగింది. అది అయిన మర్నాడు నా ఎదుటే మేస్త్రీ ప్లాటులో గోడలు వచ్చేచోట ముగ్గు పోశాడు. ఒట్టి నేల మీద తెల్లటి గీతలు తప్ప ఇంకా ఏమీ లేవు. పెద్దావిడ చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తిపట్టుకుని, గీతలు తొక్కకుండా, గుమ్మం ఉండాల్సిన చోటు నుంచే లోపలికి వచ్చింది. హాలు దాటి, వంటిల్లు దాటి, వెనక వసారాలో నిలబడింది. పెద్దాయన ముందు అరుగు దగ్గర గీత మీద ఉన్నాడు.

"ఏవండీ, నేను కనపడుతున్నానా?" అంది.

"గోడలే లేవు, ఎందుకు కనపడవే?" అన్నాడాయన.

ఆవిడ పట్టించుకోలేదు. చేతులు రెండూ చాపి, గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుంటోంది.