ఇంటూ మార్కు పెట్టని టీచరమ్మ

నూటికి నూరు! స్క్రీన్ మీద ఆ అంకె చూడగానే, లైబ్రరీలో ఉన్నానన్న సంగతే మరిచిపోయి ఎగిరి గంతేశాను. పక్క టేబుల్ వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. వేసుకుంటే వేసుకోనీ అనుకున్నాను.

అది 2012 వేసవి. స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో నా ఎమ్మెస్సీ చివరికొచ్చింది. ప్రాజెక్టు అక్కడివాళ్లు ఇంట్లో మాట్లాడుకునే స్కాట్స్ భాష మీద. అక్కడి పాత ఉత్తరాల్లో ఒకే మాటను ఇంటికో తీరుగా రాసుకున్నారు. ఒక మాటను ఇంకో మాటగా మార్చాలంటే ఎన్ని అక్షరాలు దిద్దాలో లెక్కవేసి, పలికే తీరు కూడా చూసి, రెండూ ఒకటే అనిపిస్తే జంట కట్టే ప్రోగ్రాం రాశాను. ఆ జంట సరైనదో కాదో చెప్పాల్సింది మాత్రం ఆ భాషలో పుట్టి పెరిగిన మనిషే. అందుకని మా గైడ్ ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గరికి పంపారు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం కాగితాలు పట్టుకుని బస్సెక్కి ఆవిడ ఫ్లాట్‌కి వెళ్లేదాన్ని. టీ, స్కోన్లనే చిన్న బన్నులు పెట్టి "రా క్వైన్" అనేవారు. అక్కడ అమ్మాయిని అలా పిలుస్తారు. ఆ పిలుపు నాకెంత ముద్దొచ్చేదో! ఆవిడ వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోతుంటే నా ప్రోగ్రాం బంగారమని మురిసిపోయాను. ఆ నూటికి నూరు ఈ టిక్కుల లెక్కే.

గైడ్ మురవలేదు. "నూటికి నూరు వచ్చిందంటే ఎక్కడో తేడా ఉంది. నెలాఖరుకి నమ్మదగ్గ రిజల్ట్ తేకపోతే థీసిస్ తీసుకోను" అన్నారు. థీసిస్ ఆగితే డిగ్రీ లేదు.

నాతో ఫ్లాట్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయి నవ్వింది. "అన్నిటికీ టిక్కులెట్లొస్తయే? పది తప్పు జంటలు కలిపియ్యి, తెలుస్తది."

పెద్దావిడకి పరీక్ష పెట్టడమా! ఒళ్లు మండింది గానీ గత్యంతరం లేదు. చేప అనే మాటను చొక్కా అనే మాటతో ముడిపెట్టి, అలాంటివే పది కలిపి పట్టుకెళ్లాను.

పదింటికీ టిక్కులు పెట్టేశారు!

నాకు కోపం నషాళానికంటింది. "మేడమ్, చేపా చొక్కా ఒకటేనా? అసలు చదువుతున్నారా మీరు? నా డిగ్రీ దీని మీదే ఉంది!" అనేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. మా ఇంట్లోనైతే టీచర్ ముందు గొంతు పెంచినందుకు చెంప పగిలేది.

ఆవిడ కళ్లజోడు తీశారు. "చదువుతూనే ఉన్నాను. బళ్లో ఇంగ్లిషే రాయాలని రూలు. పిల్లలు ఇంట్లో మాట్లాడుకునే మాట రాస్తే, ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టడమే నా ఉద్యోగం. కొట్టి కొట్టి, రిటైరైన రోజున ఒట్టు పెట్టుకున్నాను, ఈ భాష మాట పక్కన మళ్లీ ఇంటూ పెట్టనని. నువ్వడిగేది వేరే సంగతని తెలుసు. అయినా చెయ్యి రావడం లేదు."

నా కోపమంతా చల్లారిపోయింది. ఎంత సిగ్గేసిందో! కానీ ఆవిడ ఒట్టు నిలవాలి, నా డిగ్రీ గట్టెక్కాలి. ఏం తోచక స్కోన్ నములుతుంటే తట్టింది.

"మేడమ్, కత్తెర ఉందా?"

జంటలన్నీ కత్తిరించి, చీటీకో మాట చొప్పున టేబుల్ మీద కుప్ప పోశాను. "టిక్కూ వద్దు, ఇంటూ వద్దు. ఒకే మాటకున్న స్పెల్లింగులన్నీ ఒక ఇల్లనుకోండి. ఏ మాట ఏ ఇంటిదో ఆ ఇంట్లో కూర్చోబెట్టండి, అంతే!"

అప్పుడు చూడాలి ఆవిడ ముఖం! పేకముక్కలు సర్దినట్టు చకచకా సర్దేశారు. చేప ఒకవైపు పోయింది, చొక్కా ఇంకోవైపు పోయింది. నా ప్రోగ్రాం విడదీసిన మాటల్ని కూడా వెతికి తెచ్చి ఒకచోట పెట్టారు. "ఓసి పిచ్చి మెషీనూ, ఇవి సొంత అక్కాచెల్లెళ్లే!" అని దాన్ని తిట్టారు కూడా. ఆవిడ సర్దిన ఇళ్లతో పోల్చి చూస్తే నాకు నూరు రాలేదు గానీ మంచి మార్కులే వచ్చాయి. గైడ్ ఈసారి మారుమాటాడకుండా సరేనన్నారు.

ఆ మాట చెబుదామని ల్యాప్‌టాప్‌తో సహా పరిగెత్తాను. ఆవిడ విని నన్ను వాటేసుకున్నారు. తరవాత అల్మారాలోంచి ఒక పాత నోట్‌బుక్ తీశారు. ఇంటూలు చూసి ఒక పిల్ల ఇంటికి తీసుకెళ్లకుండా బెంచీ మీదే వదిలేసిందట. ఈవిడ పారెయ్యలేకపోయారట. అందులో ఎర్ర ఇంటూ పడ్డ ఒక మాట మీద వేలు పెట్టారు. అలాంటి స్పెల్లింగు నేనెక్కడా చూడలేదు.

"దీన్ని నీ మెషీను ఏ ఇంట్లో కూర్చోబెడుతుంది?"

ఒక్కో అక్షరం చూసి టైపు చేశాను. దేవుడా, పరువు తియ్యకు అనుకున్నాను. రెప్పపాటులో జవాబొచ్చింది: క్వైన్.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ మీద ఆ మాట చదివారు. నా పెన్ను అడిగి తీసుకుని, ఆ ఎర్ర ఇంటూ పక్కన టిక్కు పెట్టారు.

"ఇది చదివే పెట్టాను, క్వైన్" అన్నారు.