నాడాల మేస్త్రి కుక్కల చేత గుంతలు తవ్వించిన వైనం

పశువును చూసే కన్ను అందరికీ ఉండదు. నాడాల మేస్త్రికి ఉండేది. ఎద్దు వీధి మొదట్లో కనబడగానే ఏ గిట్ట అరిగిందో, ఏ కాలిలో మేకు దిగిందో చెప్పేవాడు. నలుగురు మొనగాళ్ళు కలిసి కట్టలేక వదిలేసిన పొగరుబోతు గిత్తను ఒంటరిగా, ఒక్క పగ్గంతో పక్కకు పడగొట్టి, దానికి విషయం అర్థమయ్యేలోగా నాడాలు దిగగొట్టి లేపి నిలబెట్టిన మనిషి. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా పశువుల డాక్టరు సూది తీసేముందు "మేస్త్రీ, కాస్త పట్టుకుంటావా" అని అడిగేవాడు. ఆయన చేతి కింద కాలు విరిగిన ఎద్దు లేదు. ఆయన కొట్టిన నాడా దారిలో ఊడిపోయిందని తిరిగొచ్చిన బండివాడూ లేడు.

అలాంటి మనిషి వయసు మీదపడి కూతురి పంచన చేరాడు. ఆ వీధిలో పశువుల తీరు చూసి మొదటిరోజే ఆయన ముక్కున వేలేసుకున్నాడు.

ఎదురింటి బ్యాంకు ఆఫీసరు భార్యకు గోధుమరంగు కుక్క ఒకటి ఉంది. దూడంత ఉంటుంది. దాని పేరు బాబు. దొంగ వస్తే మొరిగే రకం కాదు, చెప్పులు తెచ్చి పాదాల దగ్గర పెట్టే రకం. పక్కింటి టైలరమ్మ దగ్గర మూరెడు బొచ్చుకుక్క ఉంది. దాని పేరు బుజ్జమ్మ. చలికాలం మొదలు దానికి ఉన్ని స్వెట్టరు, ఆ స్వెట్టరుకు ఒక జేబు. కుక్కకు జేబెందుకో, అందులో అది ఏం దాచుకుంటుందో ఆ పైవాడికే తెలియాలి. ఇక గోడ మీద పిల్లి ఒకటి. ఎలుక ఎదురుపడితే మర్యాదగా పక్కకు జరిగి దారి ఇస్తుంది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు, కానీ వీధిలో ప్రతి ఇల్లూ దానికి పాలు పోస్తుంది.

పనిచేయని పశువుకు పేరు కూడానా అని మేస్త్రి కూతురిని అడిగాడు. అవంటే అందరికీ ముద్దు నాన్నా, నువ్వు ఏమీ అనకు అని ఆమె బతిమాలింది. అనకుండా ఎలా ఉంటాడు? ఒకరోజు పొద్దున్నే గేటు దగ్గర ఆఫీసరు భార్య తన కుక్కతో, "బాబూ, తాతకి షేక్‌హ్యాండ్ ఇవ్వు" అంది. అది కాలెత్తి ఇచ్చింది. పశువు కాలు చేతికొస్తే వదిలే అలవాటు మేస్త్రికి లేదు. తిప్పి చూశాడు.

"గోళ్ళు పెరిగిపోయాయమ్మా. నేల మీద నడిచేదానికి గోళ్ళు అరగాలి. ఇది నేల మీద నడుస్తోందా, సోఫా మీద నడుస్తోందా?"

తాతగారు భలే జోకులేస్తారని ఆమె నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఎద్దుల మందలను గడగడలాడించిన తాను ఈ వయసులో ఒక కుక్కకు తాతనయ్యానే అన్న బాధతో మేస్త్రి ఆ పూట సరిగా భోంచేయలేదు.

ఇదంతా ఒక ఎత్తు. పెరటి సంగతి ఇంకో ఎత్తు.

అల్లుడు మోటారు సామాన్ల దుకాణంలో మేనేజరు. ఆ మధ్య సెకండ్‌హ్యాండ్ కారు ఒకటి కొన్నాడు. దాన్ని నిలబెట్టడానికి పెరడంతా చదును చేసి టైల్స్ వేయిస్తానన్నాడు. మేస్త్రి అడ్డుపడ్డాడు. మట్టి లేని ఇల్లు ఇల్లు కాదు, డబ్బా అన్నాడు. చలి పోయేలోగా గుంతలు తవ్వి, ఎరువు వేసి, గుమ్మడి, బీర, చిక్కుడు పాదులు సిద్ధం చేస్తానన్నాడు. అల్లుడు చెడ్డవాడేమీ కాదు, కాకపోతే లెక్క మనిషి. "సరే మామయ్యా. మీ అంతట మీరు చేయగలిగితే చేయండి, టైల్స్ మాటెత్తను. కూలీలను మాత్రం పెట్టొద్దు. ఈ ఏడు పెడితే ప్రతి ఏడూ నేనే పెట్టాలి" అని తేల్చేశాడు.

కూలీలు నాకెందుకు అని మేస్త్రి మీసం దువ్వాడు. దువ్వింది ఎడమ చేత్తో. అది ఎవరూ గమనించలేదు.

కుడి భుజం పోయి చాలాకాలమైంది. ఎన్నో గిత్తలను పడగొట్టిన భుజం అది, చివరికి అదే పడిపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. ఆ మాట ఆయన కూతురికి కూడా చెప్పలేదు. చొక్కా వేసుకునేటప్పుడు తలుపు గడియ పెట్టుకునేవాడు.

మిగతా పనులన్నీ ఎడమ చేత్తోనే కానిచ్చాడు. రాలిన ఆకులు ఊడ్చి మూల పోగుపెట్టాడు. గులాబీ కొమ్మలు కత్తిరించాడు. మాగిన ఎరువు జల్లించి పెట్టాడు. ఒరిగిన కంచె కర్రలు నిలబెట్టి కట్టాడు. పొద్దుటి మంచు పలచబడుతోంది, మధ్యాహ్నం ఎండకు కాస్త చురుకు వస్తోంది. ఇక తవ్వకమే మిగిలింది. నేల చూస్తే రాయి. ఇల్లు కట్టినప్పటి ఇటుక ముక్కలూ సున్నపు పెళ్ళలూ అందులోనే కలిసి గట్టిపడ్డాయి. మేస్త్రి రెండు చేతులా పార పట్టుకుని ఎత్తాడు. భుజంలో ఏదో కలుక్కుమంది, పార జారి కిందపడింది. ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాడు. గోడ మీద పిల్లి ఉంది. దాని చూపు ఆయనకు నచ్చలేదు.

ఆ సాయంత్రమే కూతురు చేపలు శుభ్రం చేసి, తలలూ తోకలూ నిమ్మచెట్టు దగ్గర పైపైన మట్టి కప్పి పాతింది. తెల్లారి మేస్త్రి లేచేసరికి బాబు కంచె సందులోంచి దూరి అక్కడ తవ్వుతోంది. కర్ర పట్టుకుని ఎగబడ్డాడు. దగ్గరికి వెళ్ళి ఆగిపోయాడు. గుంత మోకాలి లోతు ఉంది. మట్టి గడ్డ కట్టకుండా పొడిపొడిగా వెనక్కి చిమ్మి ఉంది. జీతమిచ్చి పెట్టుకున్న మనిషి కూడా అంత శ్రద్ధగా తవ్వడు. మేస్త్రి కర్ర కింద పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి అల్లుడు దుకాణానికి వెళ్ళగానే ఆయన చేపల బజారుకు బయలుదేరేవాడు. పారేసే తలకాయలు సంచిలో తెచ్చేవాడు. పార ఎత్తలేకపోయినా గునపం పొడవడానికి ఎడమ చెయ్యి చాలు. పాదు కావలసిన చోట గునపంతో బెజ్జం వేసి, అడుగున తలకాయ జారవిడిచి, మట్టి కప్పి దూరంగా కూర్చునేవాడు. బాబు వచ్చి గుంత తీసేది. వెనకే బుజ్జమ్మ దూరి అంచులు గీరేది. పెద్ద దానిది మొరటు పని, చిన్న దానిది నగిషీ పని. చేతకాని ఎద్దుకు కూడా పక్కన మంచి జోడు ఉంటే కాడి లాగుతుందని మేస్త్రికి తెలియనిదా? ఒక్కొక్క గుంత అవగానే వాటిని అదిలించి, ఎడమ చేత్తో ఎరువు దింపేవాడు.

పని సాగింది. పరువే పోయింది. తాతగారికి కుక్కలంటే ప్రాణం అని వీధంతా గుప్పుమంది. మా బాబు పొద్దున లేస్తే మీ పెరట్లోనే ఉంటున్నాడు, మీరు వాడిని ఎంత ముద్దు చేస్తున్నారో అని ఆఫీసరు భార్య కళ్ళొత్తుకుంది. టైలరమ్మ అయితే బుజ్జమ్మ స్వెట్టరుకు తెచ్చిన ఉన్ని మిగిలిందని, అదే రంగులో మేస్త్రికి ఒక మఫ్లరు అల్లి తెచ్చింది. కుక్కతో జత కట్టిన మఫ్లరు. ఆయన దాన్ని పుచ్చుకుని, కంచెలో వదులుగా ఉన్న కర్రకు బిగించి కట్టాడు. కర్ర మళ్ళీ కదల్లేదు, అంతవరకూ అది మంచి మఫ్లరే.

ఇక గోడ వెంట ఒక్క వరస మిగిలి ఉందనగా ఆదివారం వచ్చింది. అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు. అప్పుడు ఆఫీసరు భార్య బాబును గొలుసుతో పట్టుకుని గేటు తోసుకుని వచ్చింది. వాడు ఇంట్లో అన్నం ముట్టడం లేదట, సోఫా అంతా చేపల కంపట. అసలు మీరు వాడికి ఏం పెడుతున్నారని నిలదీసింది. మేస్త్రి నోరు తెరిచేలోగా వెనక గుంతలోంచి బుజ్జమ్మ బయటికొచ్చింది. స్వెట్టరు నిండా మట్టి, నోట్లో చేప తలకాయ.

అల్లుడు కుక్కను చూశాడు, గుంతలను చూశాడు.

"మామయ్యా, ఇవి ఎవరు తవ్వారు?"

ఇక పెరడు పోయినట్టే అనుకుంది కూతురు. చప్పున అడ్డుపడి, నాన్నకి కుక్కలంటే ముచ్చటండీ, ఆడుకోనిస్తారు, గుంతలు మాత్రం ఆయనే తవ్వుకుంటారు అని సర్దబోయింది. ఆ మాటకు ఆఫీసరు భార్య కూడా మెత్తబడి, అదే కదా నేనూ అంటున్నది అంది. మేస్త్రి తల ఊపితే చాలు. పెరడు దక్కుతుంది, భుజం గుట్టు గుట్టుగానే ఉంటుంది.

ఆయన తల ఊపలేదు.

"ముచ్చటా లేదు, మురిపెమూ లేదు. నా కుడి చెయ్యి లేవదు. పార పట్టలేను. అందుకని వీటి చేత తవ్వించాను."

అయితే మీరు చేయనట్టే కదా మామయ్యా అని అల్లుడు మెల్లగా అన్నాడు.

"పొలం ఎవరు దున్నారంటే రైతు పేరు చెబుతారు. ఎద్దు పేరు ఎవరూ చెప్పరు. ఏ రైతూ కాడి తన మెడ మీద వేసుకోడు, అల్లుడూ. కూలి మనిషిని పెట్టొద్దన్నావు, పెట్టలేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పని చేయని పశువుల చేత పని చేయించాను. నీకు చేతనైతే గోడ మీద ఆ పిల్లి చేత చేయించు, చూద్దాం."

లెక్క మనిషి లెక్క వేసుకున్నాడు. నడిచి వెళ్ళి గుంతలన్నీ వంగి చూశాడు. తిరిగొచ్చి, చెయ్యి ఎప్పటినుంచి అలా ఉందని అడిగాడు. అది నీకనవసరం అన్నాడు మేస్త్రి. అల్లుడు నొచ్చుకోలేదు. కారు పట్టేంత మేర గేటు పక్కన మాత్రం టైల్స్ వేయిస్తానని, మిగతా నేల జోలికి రానని, సోమవారం మాత్రం డాక్టరు దగ్గరికి రావాలని అన్నాడు. మొదటి రెండింటికీ మేస్త్రి తల ఊపాడు.

ఆఫీసరు భార్యకు మాత్రం మనసు విరిగింది. పసిబిడ్డలా పెంచుకున్న బాబు చేత కూలిపని చేయిస్తారా అంటూ గొలుసు లాగింది. బాబు కదల్లేదు. గోడ వెంట తవ్వని నేల వైపు మూతి పెట్టి గట్టిగా కూర్చుంది. ఆమె లాగింది, బతిమాలింది, బిస్కెట్ చూపించింది. అది బిస్కెట్ వైపు చూడను కూడా లేదు. మేస్త్రి వంగి దాని ముందుకాలు ఎత్తి చూశాడు. గోళ్ళు తీరుగా అరిగి ఉన్నాయి.

చివరికి ఆమే దిగివచ్చి, రేపు కూడా పంపమంటారా అని గొంతు తగ్గించి అడిగింది.

"పొద్దున ఏమీ పెట్టకుండా తోలుకురండి" అన్నాడు మేస్త్రి. "కడుపు నిండిన పశువు పనిచేయదు."