గౌరీబాయి రెండో సంతకం

మొన్న కోదాడలో ఒక హాస్టల్ ఆఫీసులో నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకో చెబుతాను, వినండి.

గౌరీబాయిది నిడమనూరు దగ్గరి తండా. ఇరవై రెండేళ్ల క్రితం అక్కడి బడిలో పంతులుగా ఉన్నప్పుడు ఆమెకు పేరు రాయడం నేర్పాను. నేర్పడమంటే ఏముంది, పలక మీద నేను రాశాను, ఆమె దాని మీదే వందసార్లు దిద్దింది. అక్షరాలు రాలేదు గానీ సంతకం వచ్చింది. ఇక చచ్చినా వేలిముద్ర వేయనంది. మనవరాలు అనూషను ఐదో తరగతిలో హాస్టల్లో చేర్చినప్పుడు గార్డియన్ కార్డు మీద పెట్టింది ఆ సంతకమే.

తర్వాత సెలవుల్లో అనూషే నాయనమ్మకు చదువు చెప్పింది. ఇప్పుడు గౌరీబాయి బస్సు బోర్డులు చదువుతుంది. సంతకమూ మారింది. పొట్టి అక్షరాలు, ముందు ఇంటిపేరు.

తెల్లారితే తండాలో తీజ్ పండుగ ఆఖరి రోజు. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో పెంచిన గోధుమ మొలకలను నీళ్లలో కలుపుతారు. అనూష బుట్టకు ఇన్నాళ్లూ నాయనమ్మే నీళ్లు పోసింది. పిల్లను తీసుకుపోవడానికి నన్నూ వెంటబెట్టుకుని వచ్చింది.

వార్డెన్ సుజాత ఆ పాత కార్డును, గౌరీబాయి అప్పుడే సంతకం పెట్టిన రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూసింది.

"సంతకం కలవట్లేదమ్మా. పాతదే పెట్టండి."

"గప్పుడు నాకు సదువు రాదు మేడం. గిప్పుడొచ్చింది. సదువొస్తె గూడ తప్పేనా?"

"రూల్సండీ. సంతకం రానివాళ్లకైతే వేలిముద్ర, పక్కన సాక్షి సంతకం చాలు."

"వస్తది గద. రాదని ఎట్ల ఏస్త?"

ఇక నా తెలివి చూడండి. పాత సంతకాన్ని కాగితం మీద చకచకా గీసిచ్చాను. "దీన్ని సూసి పెట్టు, అయిపోతది," అన్నాను. కార్డుతో అచ్చుగుద్దినట్టు సరిపోయింది. సరిపోదా మరి, అది నా దస్తూరీయే.

గౌరీబాయి కాగితాన్ని చూసింది, కార్డును చూసింది.

"అంటే ఇన్నేండ్లు నేను పెట్టింది మీ సంతకమా సారూ?"

బయట మెట్ల మీద అనూష బ్యాగు పట్టుకుని నిలబడింది. మిర్యాలగూడ బస్సుకు టైమైపోతోంది.

గౌరీబాయి కాగితం మడిచి నా చేతిలో పెట్టి, సిరా అడిగి, బొటనవేలు చాపింది. సాక్షిగా నేను సంతకం చేశాను. కోపంతో గబగబా గీకేసరికి అదీ వంకరటింకరగా వచ్చింది. దాని గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

"గంత పట్టుబట్టి, ఆఖరికి ఏలిముద్ర ఏస్తివి," అన్నాను బస్సులో.

"ఏలన్న నాదే గద సారూ," అంది, నా వైపు చూడకుండా.